పట్టుకోమని ఎవరు చెప్పారు?

సంక్రాంతి పోటీల్లో కబడ్డీ చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. కూతకొచ్చినవాడు ఎడమ మూలకు వెళ్లి కాలు చాచి బెదిరిస్తాడు. వెనక్కి తగ్గుతాడు. మళ్లీ కుడివైపు జరుగుతాడు. ఎదురుగా ఉన్న ఏడుగురూ చేతులు పట్టుకుని అతనితోపాటే అటూ ఇటూ ఊగుతుంటారు. పది సెకన్లు గడిచినా ఏమీ జరగదు. అంతలో, రెప్పపాటులో, మూలనున్నవాడు చీలమండ దొరకబుచ్చుకుంటాడు, పక్కవాడు నడుము చుట్టేస్తాడు, మధ్యలో ఉన్న ఇద్దరూ వచ్చి దారి మూసేస్తారు. లేచిన దుమ్ము సర్దుకునేసరికి కూతకొచ్చినవాడు నేల మీద ఉంటాడు.

ఎవరూ నోరు విప్పలేదు. గీత అవతల కోచ్ అరిచాడేమో గానీ ఆ జనం గోలలో వినపడే అవకాశం లేదు. మరి ‘ఇప్పుడే’ అన్న సంగతి నలుగురికీ ఒకేసారి ఎలా తెలిసింది?

‘మంచి అండర్‌స్టాండింగ్ ఉంది’ అంటాడు కామెంటేటర్. నిజమే. అయితే ఆ అండర్‌స్టాండింగ్ ఎక్కడి నుంచి వచ్చిందనేదే మన ప్రశ్న. కొందరు దాన్ని పుట్టుకతో వచ్చిన ప్రతిభ అనుకుంటారు, కొందరు స్నేహం అనుకుంటారు. విడదీసి చూస్తే అందులో నేర్పగలిగిన భాగమే ఎక్కువ. పిల్లలకు ఆట నేర్పేవాళ్లకు ఈ సంగతి తెలియాలన్నదే ఈ వ్యాసం రాయడానికి కారణం.

ఆట తెలియనివారికి ఓ మాట

*పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి ఒక్కో జట్టు సగం 6.5 మీటర్లు. రైడర్ (కూతకు వెళ్లేవాడు) 30 సెకన్లలోపు అవతలివాళ్లను తాకి తిరిగి రావాలి. మధ్యగీతను చేతివేలితో అందుకున్నా చాలు, వచ్చినట్టే. అలా వస్తే అతన్ని తాకినవాళ్లు, అతను తాకినవాళ్లు అందరూ అవుట్. రానివ్వకుండా ఆపేస్తే అతనే అవుట్. కాపుగాసే ఏడుగురిలో రెండు చివర్లా నిలబడేవాళ్లు కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆ లోపల కవర్లు, నడుమ సెంటర్.*

తాడు లాగించిన ఇంజనీరు

ఎక్కువమంది కలిస్తే బలం పెరుగుతుందని అందరం నమ్ముతాం. 1880ల్లో ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు దీన్ని కొలిచి చూశాడు. పొలం పనుల్లో మనుషుల బలం, పశువుల బలం ఏ మేరకు అక్కరకొస్తుందో తేల్చడం ఆయన పని. తాడుకు కొలత పరికరం కట్టి మొదట ఒక్కొక్కరిచేత, తర్వాత గుంపుగా లాగించాడు. ఆయన ఇచ్చిన లెక్కల్లో ఒక్కడి బలాన్ని 100 అనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు తలకు 93కు దిగింది. ముగ్గురైతే 85. ఎనిమిదిమంది అయ్యేసరికి తలకు 49 మాత్రమే. అంటే ఎనిమిదిమంది కలిస్తే నలుగురి పని కూడా పూర్తిగా కాలేదు.

మిగతా బలం ఏమైంది? ‘ఇంతమంది లాగుతున్నారు కదా, నేనొక్కణ్ని తగ్గితే ఏం’ అన్న బద్ధకం కొంత ఉంది. 1974లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో దీన్ని విడిగా పట్టుకున్నారు. కళ్లకు గంతలు కట్టి, వెనక ఇంకా కొందరు లాగుతున్నారని చెప్పారు. నిజానికి వెనకవాళ్లెవరూ లాగడం లేదు. అయినా మనిషి తన బలం తగ్గించేశాడు.

మన కబడ్డీకి అక్కరకొచ్చేది రెండో కారణం. బలాలు ఒకే క్షణంలో పడకపోవడం. ఒకడు ఊపిరి పీల్చుకునేటప్పుడు ఇంకొకడు లాగుతాడు, ఇతను లాగేసరికి అతను వదిలేస్తాడు. మన జాలర్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒడ్డున వల లాగేటప్పుడు ‘హైలెస్సా’ అనేది సరదాకు కాదు. ఆ కేక వచ్చినప్పుడే అందరి భుజాలూ బిగుస్తాయి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు వేసి దంచేటప్పుడు ఒకటి లేచాకే ఇంకొకటి పడుతుంది. అక్కడా లయే కాపలా.

వల లాగడానికీ వడ్లు దంచడానికీ లయ ఉంది, తర్వాతి దెబ్బ ఎప్పుడో ముందే తెలుసు. కబడ్డీలో లయను చెడగొట్టడమే రైడర్ పని. అతను కావాలనే ఆగుతాడు, తొందరపడతాడు, రాని చోటికి వస్తున్నట్టు నటిస్తాడు. కాబట్టి కాపుగాసేవాళ్లకు లయ బదులు ఇంకేదో ఉమ్మడి గుర్తు కావాలి.

ఒక్కడే దూకితే

ఆ గుర్తు అంత ముఖ్యమెందుకో తెలియాలంటే ఒక్క క్షణం కార్నర్ ఆటగాడి బుర్రలో కూర్చోవాలి.

రైడర్ కాలు చేతికి అందేంత దూరంలో ఉంది. పట్టుకోనా, వద్దా? నేను పట్టుకుని, పక్కవాడు కూడా వస్తే రైడర్ దొరికినట్టే. నేను పట్టుకున్నాక పక్కవాడు రాకపోతే రైడర్ నన్ను ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకుంటాడు, నేను అవుట్. పక్కవాడు వెళ్లి నేను ఆగితే అతను అవుట్. ఇద్దరం ఆగితే ఏ నష్టమూ లేదు, లాభమూ లేదు.

18వ శతాబ్దంలో ఫ్రెంచి భాషా రచయిత రూసో ఇలాంటి చిక్కునే వేటగాళ్ల కథగా చెప్పాడు. అందరూ తమ చోట కదలకుండా కాపుకాస్తే జింక దొరుకుతుంది. నడుమ ఒకడికి కుందేలు కనిపించి దాని వెంట పరిగెత్తితే జింక తప్పించుకుంటుంది. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ‘మిగతావాళ్లు నిలబడతారా’ అన్న అనుమానం ఒక్కటి చాలు, వేట చెడిపోవడానికి.

కబడ్డీలో ఈ లెక్క మరీ కఠినం. సాయానికి వచ్చి రైడర్‌ను తాకిన ప్రతివాడూ, పట్టు జారితే, అవుటే. ఇద్దరు వెళ్లి ఓడితే ఇద్దరూ బయటికి, నలుగురు వెళ్తే నలుగురూ బయటికి. సాయపడటమంటే తనను తాను పణంగా పెట్టడమే. అందుకే సగం మనసుతో వచ్చిన సాయం అసలు రాకపోవడం కంటే చేటు. అతనూ అవుటవుతాడు, రైడరూ ఆగడు.

దీన్నిబట్టి మొదట వింతగా అనిపించే ఓ సంగతి తేలుతుంది. ఒక్కడే తీసుకున్న సరైన నిర్ణయం కంటే నలుగురూ కలిసి తీసుకున్న ఓ మాదిరి నిర్ణయమే మేలు. పట్టడానికి అంత మంచి అదను కాకపోయినా నలుగురూ ఒక్కసారి పడితే రైడర్ చాలాసార్లు ఆగిపోతాడు. అద్భుతమైన అదను ఒక్కడికే కనిపించి వాడొక్కడే దూకితే పాయింటు అవతలికి పోతుంది.

నాకు తెలుసని నీకు తెలుసా?

క్రికెట్లో బంతి ఆకాశంలోకి లేస్తుంది. ఇద్దరు ఫీల్డర్లు దాని కిందికి పరిగెత్తుతారు. ఇద్దరూ ఆగుతారు. బంతి ఇద్దరి మధ్యా పడుతుంది. గల్లీ క్రికెట్ ఆడిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. బంతి ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది, పట్టడం ఇద్దరికీ వచ్చు. లేనిదల్లా ‘నేను పడతానని అవతలివాడికి తెలిసింది’ అన్న భరోసా. ‘నాది’ అని ఒక్క కేక వేస్తే ఆ భరోసా దొరుకుతుంది. నేను చెప్పాను, నువ్వు విన్నావు, నువ్వు విన్నావని నాకూ తెలుసు.

అంత ఎత్తుకు లేచిన బంతికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది కాబట్టి కేకకు వ్యవధి ఉంటుంది. కబడ్డీలో రైడర్ కాలు లోపలికొచ్చి వెనక్కి వెళ్లడానికి అంత సమయం పట్టదు. ‘పట్టు’ అనే మాట నోట్లోంచి పూర్తిగా బయటపడేలోపే అదను దాటిపోతుంది. పైగా ఆ మాట రైడర్‌కూ వినపడుతుంది.

మరి చూపు? ఎదుట కదిలినదాన్ని చూసి చెయ్యి కదపడానికి మామూలు మనిషికి సెకనులో ఐదో వంతైనా పడుతుంది. కంటిలో పడిన వెలుతురు నాడీ సంకేతంగా మారడానికే కొంత సమయం పోతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రైడర్ మీద నుంచి చూపు తిప్పకుండా పక్కవాడి ముఖం చూడలేం. రైడర్ వీపు తిరగడం నేను చూశాను సరే, నువ్వు చూశావో లేదో నాకెలా తెలియాలి?

ఇక్కడే చేతిలో చెయ్యి పనికొస్తుంది. గొలుసు అంటే ఏడుగురు కలిసి కట్టిన గోడ అనుకుంటాం. అది గోడ కంటే ఎక్కువగా టెలిఫోన్ తీగ. నేను ముందుకు ఒరిగితే ఆ లాగుడు నీ మణికట్టుకు తెలుస్తుంది. నువ్వు ఒరిగితే నాకు తెలుస్తుంది. స్పర్శకు ఉన్న గొప్పదనం ఏమిటంటే అది ఒకవైపు మాత్రమే జరగదు. నేను నిన్ను లాగానని నీకు తెలియకుండా ఉండదు, నీకు తెలిసిందని నాకు తెలియకుండా ఉండదు. ‘నాది’ అన్న కేక చేసే పనినే అది చప్పుడు లేకుండా, రైడర్ చెవిన పడకుండా చేస్తుంది.

లెక్కలోనూ లాభం ఉంది. ఏడుగురిలో ఇద్దరిద్దరి జతలు ఎన్ని అవుతాయో లెక్కపెడితే 21 వస్తాయి. ప్రతివాడూ మిగతా ఆరుగురి మీదా కన్నేసి ఉంచాలంటే రైడర్‌ను చూసేదెవరు? ఒకే వరసగా చేతులు పట్టుకుంటే లంకెలు ఆరే. ఒక్కొక్కరు తన రెండు పక్కలనూ పట్టించుకుంటే సరిపోతుంది.

మోచెయ్యి లాగిన ప్రయోగం

*1956లో హామండ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మనుషుల మోచేతిని ఉన్నట్టుండి లాగి కండరాల స్పందనను కొలిచాడు. ముందుగా కొన్నిసార్లు ‘లాగితే గట్టిగా ఆపండి’ అని, కొన్నిసార్లు ‘లాగితే వదిలేయండి’ అని చెప్పాడు. లాగిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతుకే, అంటే ఆలోచించి చేసే ఏ పని కంటే కూడా ముందే, కండరం చెప్పిన మాటను బట్టి వేరువేరుగా స్పందించింది. ఆపమన్నప్పుడు బిగిసింది, వదలమన్నప్పుడు ఆ బిగువు చాలా తగ్గింది. ముందే తీసుకున్న నిర్ణయం నాడుల్లో ఎక్కుపెట్టిన బాణంలా ఉండి, లాగుడు తగలగానే వదలబడుతుందన్నమాట.*

ఈ ప్రయోగం చదివాక కబడ్డీ గొలుసును నేను చూసే తీరు మారింది. చెయ్యి లాగగానే పక్కవాడు ఆలోచించి వస్తున్నాడనుకునేవాణ్ని. ఆలోచన అప్పుడు జరగడం లేదు. ‘ఈసారి నా చెయ్యి ముందుకు గుంజితే వస్తా’ అన్న నిశ్చయం రైడర్ రాకముందే అతని భుజంలో ఉంది. ఒక రైడ్ ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు ఆటగాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడటం టీవీలో చూస్తుంటాం. ఉమ్మడి నిర్ణయంలో ముప్పాతిక భాగం అక్కడే పూర్తవుతుంది. రైడ్ జరిగేటప్పుడు మిగిలేది ‘ఎప్పుడు’ అన్నది ఒక్కటే. చెయ్యి మోసుకెళ్లేది ఆ ఒక్క కబురే.

2014లో ప్రచురించిన మరో పరిశోధన కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇద్దరు మనుషులు తెర మీద కదిలే గురిని చెరొక పిడితో వెంబడిస్తుంటారు. ఆ రెండు పిడులనూ యంత్రం ద్వారా, సాగే రబ్బరు కట్టినట్టు కలిపారు. అలా కలిపినప్పుడు ఇద్దరి పనీ మెరుగుపడింది. అవతలివాడు తనకన్నా తక్కువ నేర్పరి అయినా సరే, మెరుగుపడింది. చేతి ద్వారా వచ్చే కబురు అంత విలువైనది.

నడుము అబద్ధమాడదు

తీగ ఉంది సరే, మొదటి కబురు పంపేదెవరు? ఏ గుర్తు చూసి?

రైడర్ చెయ్యి అబద్ధమాడుతుంది, చూపు అబద్ధమాడుతుంది, భుజం కూడా ఆడుతుంది. నడుము మాత్రం ఆడలేదు. ఒక కాలు లేపాలంటే ముందు ఒంటి బరువంతా రెండో కాలి మీదికి జరగాలి. ఇది భౌతిక సూత్రం, ఏ రైడర్‌కూ మినహాయింపు లేదు. కాలు నేల వదలడానికి ముందే నడుము కొద్దిగా పక్కకు జరుగుతుంది. అనుభవమున్న కార్నర్ అక్కడే చూస్తాడు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ అబర్నెతీ 1980ల్లో బ్యాడ్మింటన్ వీడియోలను దెబ్బ తగలకముందే ఆపేసి, షటిల్ ఎటు వెళ్తుందని ఆటగాళ్లను అడిగాడు. కొత్తవాళ్లు రాకెట్‌ను చూసి చెప్పారు. ఆరితేరినవాళ్లు రాకెట్‌తోపాటు దాన్ని పట్టుకున్న చేతిని కూడా చదివి, ఇంకా ముందే చెప్పగలిగారు.

అయితే జట్టులో ఏడుగురూ ఆరితేరినవాళ్లే అయినా సరిపోదు. ఒకడు నడుమును, ఇంకొకడు పాదాన్ని, మరొకడు వీపును చూసి కదిలితే ముగ్గురూ మూడు వేరువేరు క్షణాల్లో వెళ్తారు. రింగెల్‌మన్ తాడు మళ్లీ మొదటికొస్తుంది. ఒకే గుర్తు మీద ముందుగా ఒప్పందం ఉండాలి. ‘వీపు తిరిగితే’, ‘మూడో అడుగు లోపలికి పెడితే’ అన్నట్టు.

కొన్ని గుర్తులను ఆట నియమాలే ఇస్తాయి. మధ్యగీతకు 4.75 మీటర్ల దూరంలో బోనస్ గీత ఉంటుంది. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు రైడర్ ఒక పాదం ఆ గీత దాటించి, రెండో పాదం గాల్లో ఉంచితే అదనపు పాయింటు. అంటే ఆ క్షణంలో అతను ఒంటికాలి మీద, ఇంటికి చాలా దూరంలో ఉన్నాడు. అతనికీ తెలుసు, కాపుగాసే ప్రతివాడికీ తెలుసు. వరసగా రెండు రైడ్లు పాయింటు లేకుండా పోయాక మూడోది ‘డూ ఆర్ డై’. వచ్చినవాడు పాయింటు తేకపోతే అవుట్ కాబట్టి లోతుగా రాక తప్పదు. ఇలాంటి సందర్భాల్లో జట్టుకు ఉమ్మడి గుర్తు ఉచితంగా దొరుకుతుంది. మిగతా సమయాల్లో దాన్ని సాధనతో సంపాదించుకోవాలి.

రెండు మూలలు, ఇద్దరు ఇరానీలు

గొలుసు రెండు కొసల్లో ఉన్న కార్నర్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేరు. వాళ్ల మధ్య దాదాపు కోర్టు వెడల్పంత దూరం. ఒకరు పట్టుకున్నప్పుడు రెండోవాడు చుట్టూ తిరిగొచ్చి దారి మూయాలి. అక్కడ స్పర్శ లేదు, కలిసి ఆడిన అనుభవమే తీగ.

2017 ప్రో కబడ్డీలో కొత్తగా వచ్చిన గుజరాత్ జట్టు ఎడమ మూలన ఫజల్ అత్రాచలిని, కుడి మూలన అబోజర్ మిఘానీని నిలబెట్టింది. ఆ జట్టు మొదటి ఏడాదే ఫైనల్‌కు వెళ్లింది. 2018 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ తరఫున ఇద్దరూ మళ్లీ కలిశారు. 1990లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి ఏడుసార్లూ స్వర్ణం గెలిచిన భారత పురుషుల జట్టును ఆ సెమీఫైనల్లో ఇరాన్ 27–18తో ఓడించింది.

ఓటమికి ఒక్కటే కారణం ఉండదు. కానీ ఆ సెమీఫైనల్లో భారత్ సంపాదించింది 18 పాయింట్లే. మన రైడర్లలో ఒక్కొక్కరూ పేరున్న ఆటగాళ్లే. అయినా గొలుసును దాటలేకపోయారు.

కోచ్ నోరు మూసుకోవలసిన చోటు

మన బడుల్లో కబడ్డీ సాధన చాలాచోట్ల ఒకే పద్ధతిలో సాగుతుంది. రైడర్ లేకుండా గొలుసు కట్టి అటూ ఇటూ పరిగెత్తించడం, ఒకే చీలమండ పట్టును యాభైసార్లు చేయించడం. కాళ్లకు, చేతులకు అది మంచిదే. నిర్ణయం మాత్రం అందులో లేదు, ఎందుకంటే ఎప్పుడు పట్టాలో ముందే తెలుసు. ఆ తర్వాత మ్యాచ్‌లో కోచ్ గీత పక్కన నిలబడి ప్రతి రైడ్‌కూ ‘వెళ్లు, వెళ్లు, ఆగు’ అని అరుస్తుంటాడు. పిల్లలు రైడర్ నడుమును చూడడం మానేసి ఆ గొంతు కోసం చెవులు రిక్కిస్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. పిల్లల కళ్లు బాగానే ఉన్నాయి, వాటిని వాడనివ్వడం లేదంతే.

ఇందుకు మందు చిన్న ఆటలు. కోర్టులో సగం వెడల్పు, ముగ్గురు కాపు, ఒక నిజమైన రైడర్. రైడర్ ఏమైనా చేయొచ్చు. కోచ్ ఆటను నడిపేది అరుపులతో కాదు, నియమాలతో. ఈ పది రైడ్లలో వీపు తిరిగాకే పట్టాలి. ఈ పదింటిలో మొదట కదలాల్సింది ఇన్, కార్నర్ కాదు. ఈ పదింటిలో ఎవరూ మాట్లాడకూడదు. నియమం మారినప్పుడల్లా పిల్లలు కొత్త గుర్తు వెతుక్కుంటారు, ముగ్గురూ కలిసే వెతుక్కుంటారు.

చోట్లు మార్చడం ఇంకో పద్ధతి. కార్నర్‌ను వారానికోరోజు కవర్‌గా ఆడిస్తే, తను పట్టుకున్నప్పుడు కవర్‌కు ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలుస్తుంది. 1990ల్లో అమెరికాలో ఇద్దరేసి జట్లను విమాన సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టి చేసిన పరిశోధనలో, ఒకరి పని ఒకరు నేర్చుకున్న జట్లు మెరుగ్గా పనిచేశాయి. మన ఊళ్లలో పిల్లలు చెడుగుడు ఆడేటప్పుడు ఎవరూ చెప్పకుండానే అన్ని చోట్లా ఆడతారు. చిన్నప్పటి నుంచే ‘నువ్వు లెఫ్ట్ కార్నర్’ అని ముద్ర వేసే అకాడమీలు ఆ మేలును పోగొడుతున్నాయనిపిస్తుంది.

రైడ్ అయ్యాక అడిగే ప్రశ్న కూడా ముఖ్యమే. పట్టు జారితే ‘ఎందుకు వెళ్లావురా?’ అని గద్దిస్తే పిల్లవాడు మరోసారి వెళ్లడు. రూసో కథలోని అనుమానాన్ని మనమే నాటినట్టు. ‘నువ్వేం చూశావు? నువ్వేం చూశావు?’ అని ముగ్గురినీ అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఆ మూడూ వేరువేరుగా ఉన్నప్పుడే అసలు పాఠం దొరుకుతుంది. ఒకడు పాదం చూశాడు, ఒకడు వీపు చూశాడు, మూడోవాడు చూడలేదు గానీ చెయ్యి లాగితే వచ్చాడు. రేపటికి ఏ గుర్తు మీద వెళ్దామో వాళ్లే తేల్చుకుంటారు. ఒక్క నియమం మాత్రం మొదటి రోజు నుంచీ ఉండాలి. ఎవడు వెళ్లినా మిగతావాళ్లు వెళ్లాల్సిందే, తప్పో ఒప్పో తర్వాత మాట్లాడుకోవాలి.

ముగ్గురే మిగిలినప్పుడు

కబడ్డీలో గొలుసు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకరు అవుటవుతారు, ఆరుగురవుతారు. ఇంకొకరు పోతారు. అవతలివాడు అవుటైతే ఒకరు తిరిగొస్తారు. నిమిషం క్రితం నా చేతిలో ఉన్న చెయ్యి ఇప్పుడు గీత బయట ఉంది, దాని స్థానంలో వేరే చెయ్యి వచ్చింది. ఏడుగురి ఒప్పందం అయిదుగురికి పనికిరాదు. అందుకే మంచి జట్లు ఏడుగురితో మాత్రమే సాధన చెయ్యవు. ఆరుగురి సాధన, అయిదుగురి సాధన, నలుగురి సాధన విడివిడిగా ఉంటాయి.

ముగ్గురు, అంతకంటే తక్కువమంది మిగిలి ఉన్నప్పుడు రైడర్‌ను ఆపితే అది సూపర్ టాకిల్. ఒకటి బదులు రెండు పాయింట్లు. కోర్టు వెడల్పంతా ముగ్గురు కాయడం కష్టమన్నది ఈ నియమం వెనకున్న లెక్క కావచ్చు. ఇంకో లెక్క కూడా ఉంది. ముగ్గురిలో జతలు మూడే. మోసుకెళ్లాల్సిన కబురు తక్కువ, అనుమానానికి చోటు తక్కువ. ‘ఇంకెవరో వెళ్తారులే’ అనుకోవడానికి ఇంకెవరూ లేరు.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు, ముగ్గురే మిగిలిన ఆ రైడ్‌లో, రైడర్‌ను చూడకండి. నడుమ నిలబడ్డవాడి రెండు చేతులను చూడండి. మణికట్లు పట్టుకున్న వేళ్లు రైడర్ లోపలికి రాకముందే ఒకసారి బిగుసుకుంటాయి.